ఫేస్‌బుక్ ఉండగా సైటెందుకు అనేవాళ్లకి

తెలుగు సాహిత్య సభల్లో ఈ మధ్య ఒక మాట తిరుగులేని తీర్పులా వినపడుతోంది. "ఇంకా సొంత వెబ్‌సైటేమిటండీ, ఆ రోజులు పోయాయి. పాఠకులంతా ఫేస్‌బుక్‌లో ఉన్నారు, వాట్సాప్‌లో ఉన్నారు. అక్కడ పెడితే గంటలో రెండొందల లైకులు. సైటు పెడితే ఎవరొస్తారు?" ఈ మాట అనేవాళ్లు రాతకి కొత్తవాళ్లేం కాదు. ఏళ్ల తరబడి కథలు రాస్తున్నవాళ్లు, పుస్తకాలు వేసినవాళ్లు, కాలేజీల్లో తెలుగు చెప్పినవాళ్లు. వాళ్లని చూసి ఇప్పుడిప్పుడే రాస్తున్న పిల్లలు కూడా అదే నమ్ముతున్నారు. ఈ నమ్మకం తప్పు. ఒక తరం తెలుగు రచన మన కళ్లముందే జాడ తెలియకుండా పోవడానికి ఈ తప్పే దారి తీస్తోంది.

వాళ్ల వాదనలో నిజమున్నంత మేర ముందే ఒప్పుకుంటాను. జనం అక్కడున్నారు. కొత్త కథ అచ్చయిందని చెప్పడానికి, ఆవిష్కరణ సభకి పిలవడానికి, చదివినవాళ్లతో నాలుగు మాటలు మాట్లాడటానికి ఫేస్‌బుక్ బాగా పనికొస్తుంది. దాన్ని మానేయమని నేననను. కానీ రచయిత దగ్గరికి వచ్చే పాఠకులంతా ఒక్క రకం కాదు. కొందరు వేరే పని మీద ఫోను తీసి, తెరని వేలితో పైకి తోసుకుంటూ పోతుంటే మన కథ ఎదురుపడుతుంది, ఆగి చదువుతారు. ఇంకొందరు మన పేరో కథ పేరో పట్టుకుని వెతుక్కుంటూ వస్తారు. పీహెచ్‌డీ చేస్తున్న అమ్మాయి, సంకలనం వేస్తున్న సంపాదకుడు, అనువాదానికి అనుమతి అడగాలనుకున్న కన్నడ రచయిత, ఎప్పుడో చదివిన కథని మళ్లీ చదవాలనిపించిన డాలస్ పాఠకురాలు, పిల్లలకి వినిపించడానికి మంచి కథ కావాలనుకున్న ఊరి బడి పంతులుగారు. మొదటివాళ్లు వందల్లో ఉంటారు. ఈ రెండోవాళ్లు నెలకి ఇద్దరో ముగ్గురో. అయినా రాసిన పదేళ్లకో ఇరవయ్యేళ్లకో ఆ రచన బతికుందా లేదా అన్నది ఆ ఇద్దరు ముగ్గురి చేతుల్లోనే ఉంటుంది. సొంత సైటు వాళ్ల కోసం. లైకుల లెక్కతో దాన్ని కొలిచేవాళ్లు అసలు దాని పని ఏమిటో చూడకుండానే పనికిరాదని తేల్చేస్తున్నారు.

ఒకసారి పరీక్ష పెట్టి చూడండి. 2013లోనో 2014లోనో ఫేస్‌బుక్‌లో చదివి ఇష్టపడ్డ కవితని ఇవాళ వెతికి పట్టుకోండి. రాసినవాళ్ల పేరు గుర్తున్నా, మొదటి పాదం గుర్తున్నా, దొరికితే అదృష్టమే. రాసిన మనిషే తన గోడ మీద తను వెతుక్కోలేక "ఎవరి దగ్గరైనా ఉంటే పంపగలరు" అని పోస్టు పెట్టడం మనం చూస్తూనే ఉన్నాం. గూగుల్లో వెతికితే ఆ పోస్టుల్లో చాలావాటి ఆచూకీ దొరకదు. ఖాతా లేని మనిషికి లాగిన్ అడ్డొస్తుంది. పొడుగాటి రచనల కోసమని ఫేస్‌బుక్ ఒకప్పుడు నోట్స్ అనే సదుపాయం ఇచ్చింది. 2020 అక్టోబర్ 31 తర్వాత కొత్త నోట్స్ రాయడానికి వీల్లేకుండా చేసేసింది. అందులో కథలు పెట్టుకున్నవాళ్లని ఎవరూ అడగలేదు, అడగాల్సిన బాధ్యతా ఆ సంస్థకి లేదు. పేజీల్లో పెట్టిన పోస్టులు ఆ పేజీని ఇష్టపడి చేరినవాళ్లలోనే మునుపటికన్నా తక్కువమందికి కనపడుతున్నాయని 2014లో ఆ సంస్థే ఒప్పుకుంది. పాఠకులు అక్కడున్నారు, నిజమే. వాళ్లకి మన రచన చూపించాలో వద్దో తేల్చేది మాత్రం మనం కాదు.

ఇది ఒక్క కంపెనీ మీద కోపంతో అంటున్న మాట కాదు. 1994లో మొదలై లక్షలమంది సొంత పేజీలకి నెలవైన జియోసిటీస్‌ని 1999లో యాహూ కొనుక్కుంది, 2009లో మూసేసింది. మనవాళ్లు ఎంతో ఇష్టపడ్డ ఆర్కుట్ 2014 సెప్టెంబర్ 30న మూతపడింది. గూగుల్ ప్లస్ 2019 ఏప్రిల్‌లో పోయింది. ఏళ్ల తరబడి తెలుగు సాహిత్య చర్చలు నడిచిన యాహూ గ్రూపులు 2020 డిసెంబర్‌తో సరి. అదే ఏడాది జూన్ 29న ప్రభుత్వం టిక్‌టాక్‌ని నిషేధించింది. మన పల్లెల కళాకారులు ఎందరో కూడబెట్టుకున్నదంతా రాత్రికి రాత్రి పోయింది. మన దేశంలోనే పుట్టి తెలుగులోనూ నడిచిన కూ యాప్ 2024 జులైలో ఆగిపోయింది. మూతపడ్డ ప్రతిసారీ మనవాళ్లు ఇంకోచోటికి వెళ్లి మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టారు. పాత రాతలు ఎక్కడివక్కడే ఉండిపోయాయి. తిరునాళ్లలో పాడేవాడికి జనం కావాలి, కాదనను. తిరునాళ్లు ముగిశాక వెతుక్కుంటూ వచ్చేవాళ్ల కోసం అతనికి ఊళ్లో ఇల్లు కూడా ఉండాలి.

తమ చోటు తాము చూసుకున్నవి ఎలా నిలిచాయో కూడా చూడాలి. 1998లో మొదలైన ఈమాట వెబ్ పత్రిక పాత సంచికలు ఇవాళ్టికీ తెరుచుకుంటాయి. కొద్దిమంది ఔత్సాహికుల చేతి కష్టమైన ఆంధ్రభారతి సైటులో నిఘంటువులు వెతకని తెలుగు రచయిత అరుదు. వీటిలో ఏదీ లైకుల కోసం పుట్టింది కాదు.

అంతకన్నా పెద్ద పాఠం శ్రీకాకుళంలో ఉంది. కారా మాస్టారుగా అందరికీ తెలిసిన కథకుడు కాళీపట్నం రామారావుగారు 1997లో అక్కడ కథానిలయం అనే కథల గ్రంథాలయం స్థాపించారు. ఎందుకు అవసరమైంది? పత్రికల్లో అచ్చయిన వేలాది కథలకి రాసినవాళ్ల దగ్గరే ప్రతి లేదు. వారపత్రిక వచ్చింది, వారం తిరిగేసరికి చిత్తుకాగితాల్లోకి పోయింది. ఏ కథ, ఎవరు రాశారు, ఏ పత్రికలో, ఏ తేదీన వచ్చింది అన్న వివరం పోగు చేయడానికి ఒక పెద్దమనిషి తన చివరి దశాబ్దాలు ధారపోయాల్సి వచ్చింది. ఆ పాత తరాన్ని తప్పుపట్టలేం. జిరాక్సు కూడా లేని రోజుల్లో చేత్తో రాసిన ఒక్క ప్రతి పోస్టులో పంపి కూర్చున్నవాళ్లు వాళ్లు. మనకి ఆ ఇబ్బంది లేదు. జేబులో ఫోనుంది, అందులో తెలుగు కీబోర్డుంది. అన్నీ ఉండి కూడా మన రచనల జాబితా మన దగ్గర లేకపోతే, మన కోసం ఇంకో కారా మాస్టారు పుట్టాలని కూర్చున్నట్టే.

సైటు కావాలని ఒప్పుకున్నవాళ్లలో కూడా రెండో అపోహ ఒకటి బలంగా ఉంది. సైటంటే చూడగానే అదిరిపోవాలి అని. తెరవగానే ఎగిరి వచ్చే పేరు, వాటంతటవే జరిగిపోయే ఫోటోలు, వెనక వేణువు, లోపలికి వెళ్లడానికి ఒక ద్వారం. ఇలాంటివి చేయించుకుని రచయితలు వేలకు వేలు పోస్తున్నారు. ఆ సైటులో వాళ్ల కథ ఒక్కటి చదవాలంటే నాలుగుచోట్ల నొక్కాలి. సన్మానం ఫోటోలు నలభై ఉంటాయి, కథలు మూడుంటాయి, ఆ మూడూ పీడీఎఫ్‌లో ఉంటాయి.

హంగు ఎంతకాలం నిలుస్తుందో చెప్పడానికి చరిత్రలో గట్టి సాక్ష్యమే ఉంది. 2000 తర్వాత కొన్నేళ్లు కదిలే బొమ్మలు చేసే ఫ్లాష్‌తో చేసిన సైట్లంటే గొప్ప. 2020 డిసెంబర్ 31తో ఎడోబ్ సంస్థ ఫ్లాష్‌కి మద్దతు ఆపేసింది, బ్రౌజర్లు దాన్ని తీసేశాయి, ఆ సైట్ల తలుపులు మూసుకున్నాయి. మరోపక్క, వెబ్‌ని కనిపెట్టిన టిమ్ బెర్నర్స్ లీ 1991లో సెర్న్ పరిశోధన సంస్థలో పెట్టిన ప్రపంచపు మొదటి సైటుని చూడండి. వట్టి అక్షరాలు, వాటి మధ్య లింకులు. 2013లో సెర్న్ దాన్ని పాత చిరునామాలోనే మళ్లీ నిలబెట్టింది, ఇవాళ్టి ఫోనులో కూడా అది శుభ్రంగా తెరుచుకుంటుంది. చిరునామాలు మార్చకండి అని ఆయనే 1998లో ఒక వ్యాసం రాశారు. పాతికేళ్లు దాటినా మన సైట్లు చేసేవాళ్ల చెవికి ఆ మాట ఎక్కలేదు. సైటు కొత్త రూపం దిద్దిన ప్రతిసారీ పాత లింకులన్నీ తెగిపోతాయి. ఎవరో తమ సిద్ధాంత గ్రంథంలో ఆధారంగా ఇచ్చిన లింకు గాల్లో వేలాడుతుంది.

హంగు లేకుండా పనికొచ్చే సైటుకి ఇంకో ఉదాహరణ చూడండి. కంప్యూటర్ శాస్త్రంలో పెద్దాయన డొనాల్డ్ నూత్ సొంత పేజీ స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం సైటులో ఉంది. 1990 జనవరి 1 నుంచి ఈమెయిలే మానేసిన మనిషి ఆయన. ఆ పేజీలో మెరుపులేమీ ఉండవు. వరసగా పుస్తకాలుంటాయి, పుస్తకం మీద నొక్కితే దాని తప్పొప్పుల పట్టిక. తప్పు పట్టుకున్నవాళ్లకి 2 డాలర్ల 56 సెంట్లు బహుమానం ఇస్తానని ఆయన మాట. తప్పొప్పుల పట్టిక మన పుస్తకాలకి కొత్తేం కాదు, ఒకప్పుడు చాలా పుస్తకాల చివర అతికించేవాళ్లు. అచ్చయిన పుస్తకంలో దొర్లిన తప్పుని సరిదిద్దుకునే చోటు తెలుగు రచయితకి ఇప్పుడు ఇంకెక్కడుంది? ఇలాంటి పనికొచ్చే సంగతి ఒక్కటి పెడితే ఎగిరే పేర్లు పదింటికి సమానం.

ఇక తెలుగు సైటుకి ప్రత్యేకంగా కావలసినవి కొన్నున్నాయి. వాటి గురించి ఎవరూ మాట్లాడరు గనక కాస్త వివరంగానే చెప్తాను.

అన్నిటికన్నా ముందు అక్షరం అక్షరంగా ఉండాలి. మన ప్రచురణ రంగంలో ఎక్కువ పుస్తకాలు ఏళ్ల తరబడి పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో కంపోజు అయ్యాయి. చూడటానికి అది తెలుగే. కంప్యూటరుకి మాత్రం అది ఇంగ్లిషు అక్షరాల స్థానాల్లో దూర్చిన బొమ్మల వరుస. ఆ ఫాంటు లేని యంత్రంలో తెరిస్తే పిచ్చిరాతలు కనపడతాయి. ఆ ఫైలుని పీడీఎఫ్ చేసి సైటులో పెట్టి "నా కథలన్నీ నెట్‌లో ఉన్నాయి" అనుకుంటే అది భ్రమ. గూగుల్‌కి అందులో ఒక్క తెలుగు మాటా దొరకదు. కవితని రంగుల బొమ్మ మీద రాసి జేపెగ్‌గా పెట్టినా అంతే. అన్నిటికన్నా నాకు బాధ కలిగించేది ఇంకొకటి: చూపులేని పాఠకులకి అక్కడ గోడ కట్టేస్తున్నాం. ఎన్‌వీడీఏ లాంటి స్క్రీన్ రీడర్లు ఉచితంగా దొరుకుతాయి, ఫోన్లు తెలుగుని పైకి చదివి వినిపిస్తాయి. అవి చదవగలిగేది ప్రతి లిపి అక్షరానికీ సొంత స్థానమిచ్చే యూనికోడ్‌లో రాసిన అక్షరాన్నే. యూనికోడ్‌లో తెలుగుకి 1991లోనే చోటు దక్కింది. పాత డీటీపీ ఫైళ్లని యూనికోడ్‌లోకి మార్చే పరికరాలున్నాయి; మార్చాక ఒకసారి ప్రూఫు చూసుకోవాలి, అది తప్పదు. ఆ శ్రమ పడటానికి ఇష్టపడని రచయిత తన పుస్తకాన్ని తానే తాళం వేసి దాచుకుంటున్నట్టు.

తర్వాత ఎడం. ఇంగ్లిషు కోసం చేసిన టెంప్లేటులో తెలుగు పోస్తే వరుసలు ఒకదాన్నొకటి తొక్కుకుంటాయి. 'రాష్ట్రం', 'స్త్రీ' లాంటి మాటల్లో అక్షరం కింద రెండేసి వత్తులుంటాయి, 'స్త్రీ'కి పైన గుడిదీర్ఘం కూడా ఉంటుంది. వరుసకీ వరుసకీ మధ్య ఫాంటు సైజుకి 1.6 నుంచి 1.8 రెట్ల ఎత్తు ఉంటే గానీ కంటికి ఊపిరాడదు. అక్షరం కూడా ఇంగ్లిషుకన్నా ఒక మెట్టు పెద్దదిగా ఉండాలి. లేత బూడిద రంగు అక్షరాలు నాజూగ్గా ఉంటాయంటారు. అరవై దాటిన పాఠకుడు వాటిని చదవలేడు, మన పాఠకుల్లో అరవై దాటినవాళ్లు తక్కువేం కాదు. తెలుగుని ఇటాలిక్‌లోకి వంచకండి, మన లిపికి ఆ సంప్రదాయం లేదు, వత్తులు పక్క అక్షరాల కిందికి జారిపోతాయి. రెండు అంచులూ సమంగా తీర్చాలన్న తాపత్రయమూ వద్దు. అచ్చులో అయితే కంపోజిటరు పొడుగాటి సమాసాన్ని విరిచి సర్దుతాడు. ఫోను తెర మీద బ్రౌజరు మామూలుగా ఆ పని చేయదు, మాటల మధ్య గోతులు పడతాయి. ఎడమ అంచు సరిగా ఉంటే చాలు.

ఫాంటు విషయంలో పెద్ద ఆర్భాటం అక్కర్లేదు. మండలి, నోటో సెరిఫ్ తెలుగు లాంటివి ఉచితంగా దొరుకుతాయి. ఏదీ పెట్టకపోయినా ఫోనులో ఉన్న తెలుగు ఫాంటుతో పేజీ చక్కగా కనపడుతుంది, త్వరగానూ తెరుచుకుంటుంది. చిరునామా మాత్రం చిన్నగా, రోమన్ అక్షరాల్లో పెట్టుకోమంటాను. తెలుగు మీద ప్రేమ లేక కాదు. లింకులో 'కథ' అని తెలుగులో రాస్తే, దాన్ని కాపీ చేసి ఇంకోచోట అతికించినప్పుడు ఆ రెండక్షరాలు తరచు శాతం గుర్తులతో కలిసి 18 గుర్తుల గజిబిజి అవుతాయి. అచ్చు పుస్తకంలో ఇవ్వడానికీ ఫోనులో చెప్పడానికీ అది పనికిరాదు.

మొదటి పేజీలో ఏముండాలి? పేరు ఉండాలి, తెలుగులోనూ రోమన్ లిపిలోనూ. మనకి ఒకే పేరుతో ఇద్దరు ముగ్గురు రచయితలుండటం మామూలు. అందుకని ఇంటిపేరు, కలంపేరు ఉంటే అది, సొంతూరు కూడా రాయాలి. శ్రీనివాస్ అనే పేరుని రోమన్‌లో నాలుగు రకాలుగా రాస్తారు, వెతికేవాళ్లు ఏ రకంగా కొడతారో తెలియదు, కాబట్టి వాడుకలో ఉన్న రకాలన్నీ పరిచయంలో ఎక్కడో ఒకచోట రావాలి. ఆ కిందే రచనల జాబితా. కథానిలయం ఏ వివరాల కోసం అంత తపించిందో అవే: రచన పేరు, మొదట ఎక్కడ, ఎప్పుడు వచ్చింది, పూర్తి పాఠం లింకు. వాడుకోవాలంటే ఎవరిని అడగాలో ఒక వాక్యం, ఒక ఈమెయిలు. బిరుదులు, సన్మానాలు కావాలంటే వేరే పేజీలో పెట్టుకోవచ్చు. వెతుక్కుంటూ వచ్చిన మనిషి వాటి కోసం రాలేదు.

"అన్నీ అలా తెరిచి పెడితే దొంగిలిస్తారు కదా" అని చాలామంది భయం. ఆ భయంతో కొందరు సైటులో కాపీ చేయడానికి వీల్లేకుండా బిగిస్తున్నారు. కానీ మన రచనలు దొంగల పాలవుతున్నది ఎక్కడ? వాట్సాప్‌లో. కథ కింద పేరు తీసేసి, "చదివి పదిమందికి పంపండి" అని తగిలించి, మన కథని మనకే పంపుతున్నారు. అది ఆపడం మన చేతుల్లో లేదు. అలాంటప్పుడు ఈ కథ నాది అని చూపించడానికి తేదీతో, మొదటి ప్రచురణ వివరంతో, అందరికీ తెరుచుకునే ఒక పేజీ కావాలి. ఆ లింకు పంపితే వాదన అక్కడితో ఆగుతుంది. కాపీని బిగించడం వల్ల దొంగకి ఏ నష్టమూ లేదు, తెర ఫోటో తీసుకుంటాడు. ఒక పేరా ఎత్తి, మన పేరు చెప్పి, వ్యాసంలో ఉదాహరించాలనుకున్న మర్యాదస్తుడే ఇబ్బంది పడతాడు.

ఖర్చు మాట కూడా అంటారు. డొమైన్ పేరుకి, అంటే సైటు చిరునామాకి, ఏడాదికి వెయ్యి రూపాయలు, కాస్త అటూ ఇటూ. ఒక సాహిత్య సభకి శాలువాలు, పూలదండల మీద పెట్టేదానికన్నా తక్కువ. గిట్‌హబ్ పేజెస్ లాంటి చోట సాదా పేజీలు ఉచితంగా పెట్టుకోవచ్చు. అంత సాంకేతికం వద్దనుకుంటే బ్లాగరులో రాసుకుని దానికి సొంత డొమైన్ తగిలించుకోవచ్చు. దానికి బ్లాగరు అదనంగా ఏమీ అడగదు. రేపు అది నచ్చకపోతే రాతలు ఎగుమతి చేసుకుని ఇంకోచోటికి మారినా పాఠకులు కొట్టే పేరు మారదు. అందుకే ఆ పేరు మీ పేరు మీదే రిజిస్టరు కావాలి. సైటు చేసిపెట్టిన కుర్రాడు తన ఈమెయిలుతో రిజిస్టరు చేయడం, రెండేళ్ల తర్వాత అతను ఉద్యోగం మారి ఫోను ఎత్తకపోవడం, డొమైన్ గడువు తీరి ఇంకెవరి పాలో కావడం, ఇది మన ఊళ్లలో తరచు జరిగేదే.

చివరికి మిగిలే అభ్యంతరం ఒక్కటే, నిజంగా బరువున్నది. "నేను పోయాక ఎవరు కడతారండీ ఆ వెయ్యి రూపాయలు? ఫేస్‌బుక్ అయితే ఉంటుంది కదా." ఫేస్‌బుక్ ఉంటుందన్న భరోసా ఎంతో ఆర్కుట్ చెప్పింది. సైటు ఉండదన్నది కూడా నిజం కాదు. 2013 జనవరిలో ఇరవై ఆరేళ్లకే చనిపోయిన అమెరికన్ ప్రోగ్రామర్ ఆరన్ స్వార్జ్ రాతలు ఆయన పేరుతోనే ఉన్న సైటులో ఆ తర్వాత కూడా జనం చదువుతూ వచ్చారు. సాదా అక్షరాల సైటుని ఎవరైనా కాపాడగలరు, ఎందుకంటే కాపాడాల్సింది చాలా తక్కువ. ఈ వ్యాసమంత రచన యూనికోడ్‌లో కొన్ని పదుల కిలోబైట్లే ఉంటుంది. ఫోనుతో తీసిన ఒక్క ఫోటో దానికి ఎన్నో రెట్లు. జీవితకాలం రాసిందంతా ఒక పెన్‌డ్రైవులో మూలకి సరిపోతుంది. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో మన పేజీ చిరునామా ఇస్తే అక్కడ ఒక ప్రతి తీసి దాస్తారు. లాగిన్ అడ్డు లేని పేజీ కావడమే దానికి కావలసిన అర్హత. కొత్త కథ పెట్టిన రోజే ఆ పని కూడా చేసేయొచ్చు.

ఇంట్లోవాళ్లకి అప్పగించాల్సింది ఒక్క కాగితం. డొమైన్ ఎక్కడ కొన్నారో, ఏ నెలలో డబ్బు కట్టాలో, ఏ ఈమెయిలుతో లోపలికి వెళ్లాలో అందులో రాసి, పొలం కాగితాలూ బీమా కాగితాలూ ఉన్న ఫైలులోనే పెట్టాలి. పిల్లలకి తెలుగు చదవడం రాకపోయినా ఫర్వాలేదు. ఏటా వెయ్యి రూపాయలు కట్టడానికి తెలుగు రానక్కర్లేదు. డొమైన్‌కి ఒకేసారి పదేళ్ల డబ్బు ముందే కట్టుకునే వీలు కూడా ఉంది.